తేదీ చీటీ కింద ఇద్దరు

గ్రంథాలయ వృత్తిలోకి కొత్తగా వచ్చేవారికి ఏ పుస్తకాన్ని ఏ సంఖ్య కింద పెట్టాలో శిక్షణలో నేర్పుతారు. పుస్తకాన్ని చూసి మనకే భయం వేసినప్పుడు ఏం చేయాలో నేర్పరు. ఆ రెండో పాఠం నేను తప్పు చేసి నేర్చుకున్నాను. ఆ తప్పును కొలతలతో సహా ఇక్కడ రాసి పెడుతున్నాను.

నా నియామకాలూ బదిలీలూ ఎవరికీ పనికిరావు. పెనుకొండ, హిందూపురం, ధర్మవరం అనే వరుస తెలిస్తే చాలు. నేను చెప్పదలచినది ఒక్క సంపుటం గురించి. అందులో ఇద్దరు మగవాళ్లు దంపతుల్లా కాపురం చేస్తున్నట్టు చూపిన ఒక బొమ్మ ఉంది. దాని మీద నేను ఒక కాగితం అతికించాను. ఆ కాగితం కిందికి తొంగిచూసిన తొమ్మిదో తరగతి అమ్మాయికి, వాళ్ల చిన్నాయన మళ్లీ ఇంటి గడప తొక్కగలడా లేదా అన్నది అప్పటికి అన్నిటికంటె పెద్ద ప్రశ్న. బొమ్మల పుస్తకాలు పిల్లల ఆలోచనను మారుస్తాయా అని నన్ను చాలామంది అడిగారు. నాకు తెలిసినంత మేరకు, తెలియనిదాన్ని తెలియదని ఒప్పుకుంటూ, జవాబు చెబుతాను.

అంచు మీది గీత

తొంభైల మొదట్లో పెనుకొండలో నా పై అధికారి చెన్నకేశవయ్య గారు. మాట కరుకు. సెలవు అడిగితే కారణం వినేవారు కాదు, ఆ రోజు దినపత్రికలు ఎవరు సర్దుతారో చెప్పమనేవారు. నేను చేరిన వారంలోనే ఒక పిల్లల బొమ్మల కథల పుస్తకం నా చేతిలో పెట్టి, "దీన్ని పిల్లోల్లు యాడ చదివినారో చెప్పమ్మా" అన్నారు.

నేను పుస్తకం తెరవబోయాను. ఆయన వెనక్కి లాక్కుని, మూసిన పుస్తకాన్ని కిటికీ వెలుతురులో అడ్డంగా పట్టుకున్నారు. పుటల అంచు మీద ఒకచోట సన్నటి నల్ల గీత ఉంది. చేతి వేళ్ల మురికి అది.

"తెరిస్తే కథ కనపడ్తాది. మూసి చూస్తే చదివినోడు కనపడ్తాడు."

ఆ గీత దగ్గర తెరిస్తే ఎలుగుబంటితో పోరాటం వచ్చింది. కథ చివర పెద్ద అక్షరాలతో నీతి అచ్చువేసిన పుట మాత్రం అచ్చాఫీసు నుంచి ఆ పొద్దే వచ్చినంత తెల్లగా ఉంది. "నీతి కాడ ఎవరూ ఆగరు. ఎలుగ్గొడ్డు కాడ ఆగుతారు. కొత్త పుస్తకాలు తెప్పించేటప్పుడు ఈ సంగతి మతిలో పెట్టుకో" అని ఆయన తన కుర్చీలోకి వెళ్లిపోయారు.

నేను భౌతికశాస్త్రంలో పట్టా పుచ్చుకుని ఆ తరువాత గ్రంథాలయ శాస్త్రం చదివినదాన్ని. పాఠకుణ్ణి నోరు విప్పమనకుండానే కొలిచే సాధనం దొరికిందని సంబరపడ్డాను. ప్రతి సాధనానికీ ఒక షరతు ఉంటుంది. దీని షరతు ఏమిటో ఆయన ఆ రోజు చెప్పలేదు. పదేళ్లు పైబడిన తరువాత, అదే కిటికీ దగ్గర చెప్పారు.

పచ్చప్ప రాక

రెండు వేల సంవత్సరం దాటిన తరువాత నేను హిందూపురంలో ఉన్నాను. బెంగళూరులో ఉద్యోగం చేసే ఈ ఊరి ఇంజనీరు ఒకరు, ఇల్లు మారుతూ, తన పిల్లలు చదివి వదిలేసిన మూడు అట్టపెట్టెల ఆంగ్ల బొమ్మల కథల సంచికలు మాకు ఇచ్చి వెళ్లారు. అన్నీ పలుచటివి, పిన్నులు ఊడినవి.

మా బైండరు ఖాసిం సాబ్ వాటిని చూసి తల ఊపాడు. "ఇట్లే పిల్లోల్ల చేతికిస్తే మూడో దినానికి గాలిపటాలైతాయి మేడం. నాలుగు నాలుగు కలిపి కుట్టి, గట్టి అట్ట ఏస్తా."

అలా కుట్టించిన సంపుటాల్లో ఒకదాని కథానాయకుడు ఆకుపచ్చ దుస్తుల్లో సముద్రం అడుగున తిరుగుతాడు. మునిగిపోయే ఓడలను భుజం మీద ఎత్తుతాడు. ఆంగ్లం కూడబలుక్కునే పిల్లలు అతని అసలు పేరుతో కుస్తీ పట్టి, రెండో రోజుకే విసిగి 'పచ్చప్ప' అని పెట్టుకున్నారు. తీరం మీద ఇంట్లో అతనితో పాటు ఒక డాక్టరు ఉంటాడు. మొదటి మూడు సంచికల్లో ఆ డాక్టరు ఎవరో స్పష్టంగా చెప్పరు. నాలుగో సంచిక చివర చెబుతారు. పచ్చప్ప దెబ్బ తిని ఇంటికి వస్తాడు. వంటగదిలో డాక్టరు అతని భుజానికి కట్టు కట్టి, నుదుటి మీద ముద్దు పెడతాడు. ఏడేళ్లుగా మనకిదే పని అంటాడు పచ్చప్ప. నీకు దెబ్బలు తినే పని, నాకు కట్లు కట్టే పని అంటాడు డాక్టరు. వెనుక గోడ మీద వాళ్ల పెళ్లి ఫొటో.

పుస్తకాన్ని అల్మరాలోకి పంపే ముందు పుట పుటా తిప్పి చూడడం నా అలవాటు. ఆ పుట దగ్గర నా చేయి ఆగింది. అంతకు ముందు వందల పుస్తకాల్లో మొగుడు పెళ్లాన్ని కొట్టే బొమ్మలు చూసి తిప్పేశాను. అక్కడ చేయి ఆగలేదు. ఈ తేడా నాకు ఆ రోజు తట్టలేదు. ఇప్పుడు రాస్తున్నప్పుడు తడుతోంది.

అతికించిన వైనం

గ్రంథాలయాధికారి పుట చింపకూడదు. చేర్చుకున్న పుస్తకాన్ని కారణం లేకుండా తొలగించకూడదు. అతికించకూడదని మాత్రం ఎక్కడా లేదు. ఈ లొసుగు కనిపెట్టి నేను గర్వపడ్డాను కూడా.

తెల్ల కాగితం అతికిస్తే ఏదో దాచినట్టు తెలిసిపోతుంది. అందుకని తేదీ చీటీ తీసుకున్నాను. పుస్తకం ఎప్పటిలోగా తిరిగి ఇవ్వాలో ముద్ర కొట్టే గళ్ల కాగితం అది. ప్రతి పుస్తకంలోనూ చివరి అట్ట లోపల ఉంటుంది. ఈ సంపుటంలో మాత్రం అట్ట లోపల కాక, చివరికి నాలుగు పుటల ముందు, ఆ బొమ్మ మీద అతికించాను. చూసేవారికి అది బొమ్మను కప్పిన కాగితంలా కాక, కార్యాలయం పనిలా కనిపిస్తుంది. చీటీ వెడల్పు మూడు అంగుళాలు. బొమ్మ వెడల్పు మూడుంపావు. మిగిలిన పావు అంగుళంలో పచ్చప్ప మోచేయి బయటికి కనబడుతూ ఉండిపోయింది. చీటీ పక్కకు జరిపితే డాక్టరు చెవి బయటపడేది. మోచేయే నయమనుకున్నాను.

మూడు నెలలకు ఆ చీటీ తేదీలతో నిండిపోయింది. దాని మీద ఇంకొకటి అతికించాను. అదీ నిండింది. సంపుటాన్ని అడ్డంగా పట్టుకుని వెలుతురులో చూస్తే సరిగ్గా ఆ పుట దగ్గర చిటికెన వేలు మందాన నల్లటి గీత. బల్ల మీద ఊరికే పెడితే పుస్తకం తనంతట తానే అక్కడ తెరుచుకునేది. చూశావా, పిల్లలు వెతుక్కుని ఆ పుటకే వెళ్తున్నారు, నా భయం నిజమైంది అనుకున్నాను.

బల్ల దగ్గర అడగకూడదు

నిజంగా ఏమనుకుంటున్నారో తెలుసుకుందామని, పుస్తకం తిరిగి ఇచ్చే పిల్లలను పిలిచి అడిగాను: "ఈ కథలో ఆ ఇద్దరూ ఒకరికొకరు ఏమవుతారు?"

"ఫ్రెండ్స్ మేడం."

"అన్నదమ్ములు మేడం."

"ఒకాయన పేషెంటు, ఒకాయన డాక్టరు మేడం."

ఒక్కడు కూడా తడబడలేదు. నేను పరీక్ష పెడుతున్నాననుకుని అందరూ మార్కులు వచ్చే జవాబు చెప్పారు. మా అటెండరు నరసింహులు సైకిళ్ల దగ్గర బీడీ కాలుస్తూ నా పరిశోధనంతా చూసి నవ్వాడు.

"మీకు చెప్తారా మేడం? నాకు చెప్పినారు ఈడ, చీటీ అంచు గోటితో ఎత్తి తొంగి చూసినామని. ఒగడంటాడు, వాల్లిద్దరూ మొగుడూ పెండ్లాం మాదిరే, కానీ ఇద్దరూ మొగుళ్లే అని. ఇంగొకడంటాడు, అట్లయితే అంట్లు ఎవరు తోముతారు అని. దాని మీద పెద్ద పంచాయితీ. పచ్చప్ప సముద్రం నుంచి వచ్చేటప్పటికే చేతులు తడిగా ఉంటాయి కాబట్టి ఆయనే తోమల్లని తీర్పు ఇచ్చినారు."

"తరువాత?"

"తరవాత ఏముంది? నీళ్లలో ఎంతసేపు ఊపిరి బిగబట్టొచ్చునని తొట్టెలో తల పెట్టి చూసుకున్నారు. నేనే చెవి పట్టి లేపినా."

మంచి మాత్రమే రాసి చెడు వదిలేస్తే ఈ వ్యాసం అబద్ధమవుతుంది. అదే పేరు తిట్టుగా కూడా మారింది. గొంతు సన్నగా ఉండే ఒక పిల్లవాణ్ణి తోటివాళ్లు "ఏయ్ పచ్చప్పా, నీ డాక్టరు యాడబ్బా?" అని ఏడిపించడం నేను పఠన మందిరం కిటికీలోంచి విన్నాను. ఆ పుస్తకం మా దగ్గర లేకపోతే ఆ మాట పుట్టేది కాదు. అయితే అది తిట్టుగా ఎక్కువ రోజులు నిలవలేదు. ఒక సాయంత్రం ఆ పిల్లవాడే తిరగబడి, "అవునప్పా, నేనే పచ్చప్ప. ఓడ లేపుతా. నువ్వేం లేపుతావు, మీ నాయన టీవీయెస్సా?" అన్నాడు. అందరూ నవ్వారు, ఏడిపించినవాడు కూడా. వీరుడి పేరుతో ఎంతకాలమని తిట్టగలరు? ఇంతకు ముందు వాణ్ణి పిలిచిన మాటలు వేరే ఉన్నాయి. వాటికి అలా బదులు చెప్పే వీలు ఉండేది కాదు.

మెతుకు

ఒకనాడు ఖాసిం సాబ్ చిరిగిన పుస్తకాలు ఏరుకోవడానికి వచ్చి, ఆ సంపుటం తెరిచి వేలితో తడిమాడు. "ఇది మన జిగురు కాదు మేడం." గోటితో చీటీ మూల ఎత్తి చూపించాడు. కింద ఎండిపోయిన అన్నం మెతుకు ఒకటి అణిగి ఉంది. ఎవరో చీటీల దొంతరను తడిగుడ్డతో మొత్తంగా లేపి, మళ్లీ అన్నంతో అతికించారు. "పనితనం ఉండాది. ఎవరోగానీ నా కాడికి పంపండి, పని నేర్పిస్తా" అని మెచ్చుకున్నాడు కూడా.

చివరిసారి ఆ పుస్తకం తీసుకున్నది గాయత్రి. చింతపండు మండీ యజమాని కూతురు. వారానికి రెండుసార్లు వచ్చే పిల్ల. పిలిచి మెతుకు చూపించాను.

"ఇది మీ ఇంటిదేనా?"

"అవును మేడం." తల వంచుకోలేదు. "సోనా మసూరి."

"చీటీ ఎందుకు తీశావు?"

"మా అవ్వకి రోజూ ఈ కథ తెలుగులో చెప్తాండా మేడం. ఆడికొచ్చేటప్పటికి మోచెయ్యి ఒగటే కనపడ్తాండాది. మనిషి లేకపోతే ఎట్ల చెప్పేది?"

నేను కోపం తెచ్చుకోవడానికి ప్రయత్నిస్తుండగా ఆ అమ్మాయి గొంతు తగ్గించి మిగతాది చెప్పింది. "మా చిన్నాయన బెంగళూర్లో ఇంగొకాయనతో ఉంటాడు మేడం. స్నేహితుడు కాదు. ఈ పుస్తకంలో మాదిరి. తెలిసినప్పటి నుంచి మా నాయన గడప తొక్కనీడు, నాలుగేండ్లాయ. అవ్వకి చెప్పలే. కొట్లాడి పోయినాడని చెప్పినారు. అవ్వ పొద్దున్నే నన్ను అడుగుతాది, నా బిడ్డ ఒగడే ఉండాడే, జొరమొస్తే చూసేటోల్లు ఎవరే అని. ఒగడే లేడని ఎట్ల చెప్పల్ల నేను? చెప్పేదానికి మాట లేదు మేడం. ఈ బొమ్మ ఉండాది. అవ్వకి ఇంగా చూపీలే, గడువు అయిపోయిందని తెచ్చినా."

ఆమెకు కావలసింది చిన్నాయన ఇంటికి రావడం. దానికి అవ్వ నోరు విప్పాలి. అవ్వకు విషయం అందాలంటే ఈ పుట తప్ప ఆ పిల్లకు వేరే దారి లేదు. అప్పటి చట్టం కూడా అలాంటి సంబంధాన్ని నేరంగానే చూసేది. పెద్దలెవరినీ అడిగే వీలు లేక ఆ పిల్ల ఒక తడిగుడ్డతో, నాలుగు మెతుకులతో తన దారి తాను వేసుకుంది.

నేనేం చేశానో చెబుతాను. "పుస్తకం పాడు చేయకూడదమ్మా" అన్నాను. ఆమె వెళ్లిన తరువాత, ఖాసిం సాబ్ అట్టలకు వాడే చిక్కటి జిగురు పూసి ఆ చీటీని మళ్లీ గట్టిగా అతికించాను. నా వృత్తి జీవితంలో అంతకంటె పిరికి పని చేయలేదు.

కప్పినవాళ్లు మీరే గదా

వారం తిరక్కుండానే గాయత్రి తండ్రి వచ్చాడు. కథ ఎలాగూ నోటితో పూర్తి చేసిందన్నమాట ఆ పిల్ల. కూతురు మళ్లీ ఇంటికి తీసుకెళ్లిన సంపుటాన్ని నా బల్ల మీద పడేశాడు. అది ఎప్పటిలాగే చీటీ దగ్గర తెరుచుకుంది.

"ఏం మేడం, గవర్నమెంటు దుడ్లతో పిల్లోల్లకి నేర్పించేది ఇదా? మా యమ్మ రెండు దినాల నుంచి ఒగటే పాట. వాన్ని పిలువు, వానితో ఉండే పిల్లోన్ని గూడా పిలువు అంటాంది. డెబ్బై ఏండ్ల మనిషికి ఇది ఎవరు చెప్పినారు? ఈ పుస్తకం!"

"ఇది కథల పుస్తకమండీ. ఇందులో తప్పేముంది?" అన్నాను, నాకే నమ్మకం లేని గొంతుతో.

ఆయన చీటీ మీద వేలు పెట్టాడు. "తప్పు లేకపోతే దీన్నెందుకు కప్పినారు? కప్పినవాళ్లు మీరే గదా. బాగుండేదాన్ని ఎవరన్నా కప్పుతారా?"

నేను పుస్తకం మూశాను. రాతపూర్వకంగా ఫిర్యాదు ఇమ్మని కూడా అడగలేదు. సంపుటాన్ని బీరువాలో పెట్టి తాళం వేశాను. ఆయన వెళ్లాడు. నరసింహులు నా ముందు మంచినీళ్ల గ్లాసు పెట్టి పోయాడు.

సాధనం షరతు

ఆదివారం సంపుటాన్ని సంచిలో వేసుకుని బస్సెక్కి పెనుకొండ వెళ్లాను. చెన్నకేశవయ్య గారు అప్పటికి పదవీ విరమణ చేసి, గ్రంథాలయానికి మాత్రం రోజూ వచ్చి పాత కుర్చీలోనే కూర్చునేవారు. జరిగినదంతా చెప్పి, నా రుజువుగా పుటల అంచు మీది నల్ల గీత చూపించాను. "చూడండి, పిల్లలు ఎక్కువగా ఆగింది ఈ బొమ్మ దగ్గరే."

ఆయన సంపుటాన్ని కిటికీ దగ్గర పట్టుకుని చాలాసేపు చూశారు.

"తేదీ ముద్ర యాడ కొడ్తాడు మీ నరసింహులు?"

"చీటీ మీద."

"చీటీ యాడుంది?"

నాకు అప్పుడు అర్థమైంది. పుస్తకం ఇచ్చిన ప్రతిసారీ, తీసుకున్న ప్రతిసారీ, ముద్ర కోసం నరసింహులు ఆ పుటే తెరిచాడు. తేదీ సరిచూడడానికి నేను తెరిచాను. ఎప్పటికి ఇవ్వాలో చూసుకోవడానికి ప్రతి పాఠకుడూ అక్కడే తెరిచాడు. ముద్ర సిరా అంటిన వేళ్లు, చెమట పట్టిన వేళ్లు అన్నీ అక్కడే.

"ఈ లావు గీత పిల్లోల్లది కాదమ్మా. నువ్వు గీసిందే" అన్నారాయన. "పిల్లోల్ల గీత ఇదో." ఇంకొకచోట వెంట్రుకంత సన్నటి గీత. తెరిస్తే, తుఫానులో పచ్చప్ప ఓడను ఎత్తుతున్న పుట. "మళ్లా ఎలుగ్గొడ్డే."

దాచాలని నేను చేసిన ఏర్పాటే ఊరి పిల్లలందరినీ చేయి పట్టి ఆ పుటకు తీసుకుపోయింది. కొలిచే పరికరం కొలతలో కలిసిపోతే వచ్చే అంకెకు విలువ లేదని నాకు కళాశాలలోనే చెప్పారు. ఆ పుటను పిల్లలు బొమ్మ కోసం చూశారా, దాచారు కాబట్టి చూశారా అన్నది తేల్చే దారి ఇక లేదు. ఆ ప్రయోగాన్ని నేనే పాడు చేశాను.

"ఇప్పుడేం చేయమంటారు?"

"చీటీ దాని జాగాలో అతికించు. ఆఖరి అట్ట లోపల. దీనికి కూడా బస్సెక్కి రావల్నా?"

అవ్వ

మరునాడు ఖాసిం సాబ్ వస్తే జాగ్రత్తగా తీయించుదామనుకుని సంపుటాన్ని బల్ల మీద పెట్టుకున్నాను. ఆయన కంటె ముందు గాయత్రి వాళ్ల అవ్వ వచ్చింది. మనవరాలి భుజం పట్టుకుని, ఒక కంటికి శుక్లం తీయించుకున్న నల్ల అద్దాలతో.

"సభ్యత్వం లేకపోయినా ఈడ కూసోని చదవొచ్చంట గదా, మా పాప చెప్పింది" అంది. నరసింహులు కుర్చీ వేశాడు. "నాకు చదువు రాదు. బొమ్మ చూస్తా."

"కొంచెం ఆగండి అవ్వా, దాన్ని తీసేవాడు వస్తాడు."

"వానికోసం నేనెందుకు కూసోవల్ల? నువ్వే తియ్యి. పెద్దోడు సాయంత్రం ఇంటికొస్తాడు. వానితో మాట్లాడేముందు నేను చూడల్ల."

తడిగుడ్డ వేశాను. గాయత్రి అంటించిన అన్నమైతే నాని ఊడేది. నేను పూసిన జిగురు ఊడలేదు. అవ్వ ఎదురుగా కూర్చుని చూస్తుండగా, తొందరలో మూల పట్టుకుని లాగాను. చీటీ వచ్చింది. దానితో పాటు బొమ్మలోంచి పైసా బిళ్లంత ముక్క పొరగా లేచి వచ్చింది.

అవ్వ పుస్తకాన్ని కంటికి దగ్గరగా పట్టుకుంది. పచ్చప్ప భుజాన్ని చూసింది. కట్టును చూసింది. "కట్టు బాగ కట్టినాడు. ఊడదు" అంది. గోడ మీది పెళ్లి ఫొటోను, పొయ్యి మీది గిన్నెను చూసింది. అప్పుడు పుస్తకాన్ని నా వైపు తిప్పింది.

"ఈ కట్టు కట్టేటోని మొగం యాడమ్మా?"

డాక్టరు ముఖం ఉండవలసిన చోట తెల్లటి మచ్చ. ముఖం నా చేతిలోని చీటీ వెనుక అంటుకుని ఉంది, తలకిందులుగా, గుర్తుపట్టడానికి వీల్లేకుండా.

"నా చేతిలో పోయింది అవ్వా. తప్పు నాదే."

ఆమె కాసేపు ఆ తెల్ల మచ్చ మీద వేలు పెట్టి ఉంచింది. "సరే లే" అంది. "మొగం నేనే పోయి చూసొస్తా."

ఆ రోజు సాయంత్రం ఆ ఇంట్లో ఏ మాటలు జరిగాయో నాకు తెలియదు. రెండు రోజుల తరువాత అవ్వ మనవరాలితో బెంగళూరు రైలెక్కింది. పదో రోజు మళ్లీ గ్రంథాలయానికి వచ్చి, నిలబడే చెప్పి పోయింది: "డాక్టరు కాదమ్మా. ఫ్రిజ్జులు రిపేరు చేస్తాడు. బక్క పిల్లోడు. సంగటి తినమంటే మొగం చిట్లిస్తాడు, అది నేర్పల్ల. వంట నా కొడుకే చేస్తాండాడు."

ఖాసిం సాబ్ ఆ పుటను అతికించి చూశాడు గానీ ముఖం నిలవలేదు. పుస్తకంలో ముందే ఉన్న లోపాన్ని పెన్సిలుతో రాసి పొట్టి సంతకం చేయడం మా పద్ధతి. తరువాత తీసుకున్నవారి మీద నింద పడకుండా ఉండడానికి. ఆ పుట అంచున ఇలా రాశాను: 'ఇక్కడ ఒక ముఖం లోపించినది. కారణం: గ్రంథాలయాధికారి.' కొత్త తేదీ చీటీ చివరి అట్ట లోపల అతికించి, సంపుటాన్ని పిల్లల అల్మరాలో పెట్టాను. గాయత్రి తండ్రి మళ్లీ రాలేదు. రాతపూర్వక ఫిర్యాదు కూడా రాలేదు.

ధర్మవరం

నా చివరి మజిలీ ధర్మవరం. అక్కడ పఠన మందిరం నిండా పోటీపరీక్షలకు చదివే యువతీయువకులే. ఒక ఉదయం అంకగణితం పుస్తకం అడుగుతూ ఒక అమ్మాయి బల్ల ముందు నిలబడింది. "సోనా మసూరి మేడం" అంది నవ్వుతూ. గాయత్రి. మేనత్త ఇంట్లో ఉండి బ్యాంకు పరీక్షకు చదువుకుంటోంది.

మొదటి ప్రశ్న నేనే అడిగాను. "చిన్నాయన?"

"అవ్వ రెండో కంటి ఆపరేషన్‌కి ఇద్దరూ ఇంటికొచ్చినారు మేడం. మొదటి దినం నాయన మాట్లాడలే, మండీలోనే పడుకున్నాడు. రెండో దినం ఇంట్లో ఫ్రిజ్జు చెడిపోయె. ఎట్ల చెడిపోయెనో నాకు తెలీదు, అవ్వని అడగల్ల. మూడో దినం నాయనే ఆయన ముందర కాఫీ గ్లాసు పెట్టి, తాగప్పా అన్నాడు. అంతే. ఇప్పుడు ఏడాదికి రెండు మూడు తూర్లు వస్తారు."

ఒక కుటుంబం ఒక కుటుంబమే. దాన్నిబట్టి బొమ్మల పుస్తకాలు మనుషులను మారుస్తాయని నేను తీర్పు ఇవ్వను. ఆ ఇంట్లో మారినది కథ చదివిన పిల్ల కాదు, ఆ పిల్ల మనసు ముందే తేటగా ఉంది. తనకు తెలిసినదాన్ని చెప్పడానికి ఆమెకు ఒక బొమ్మ కావలసి వచ్చింది. మిగతా పిల్లల మాట నాకు తెలియదు. వాళ్లు వంటగది దగ్గర ఒక నిమిషం ఆగి ఓడ దగ్గరికి పరిగెత్తారు. ఆ ఒక నిమిషంలో వాళ్లలో ఏం మిగిలిందో కొలిచే సాధనాన్ని నేనే చెడగొట్టుకున్నాను. ఇదే మాట గాయత్రితో అన్నాను.

"ఆ పుస్తకం ఇంకా ఆడనే ఉండాది మేడం. పోయిన నెల చూసినా" అంది. "మీరు రాసింది గూడా ఉండాది. దాని పక్కన ఆ తెల్ల జాగాలో పిల్లోల్లు మొగాలు గీస్తాండారు. ఒగరు మీసాలు పెట్టినారు. దాన్ని చెరిపి ఇంగొకరు అద్దాలు పెట్టినారు. పైన ఇంగొకరు గుండు గీసినారు. చెరిపి చెరిపి కాగితం నూగు లేసిపోయింది."

పుస్తకాల్లో గీతలు గీసేవారిని ఉద్యోగంలో చేరిన నాటి నుంచి మందలిస్తూ వచ్చినదాన్ని. ఆ రోజు మాత్రం చేతిలో ఉన్న ముద్ర కింద పెట్టేశాను. నేను అతికించకుండానే, అడగకుండానే, పిల్లలు తమంతట తాము నింపుతున్న ఖాళీ అది.

"ఒక్క సంగతి సరిగ్గా గుర్తు తెచ్చుకుని చెప్పు. ఎవరైనా అక్కడ ఆడమనిషి ముఖం గీశారా?"

గాయత్రి కళ్లు మూసుకుని ఆలోచించింది. నేనిలా అడిగితే ఆమె ఎప్పుడూ మార్కుల కోసం జవాబు చెప్పే పిల్ల కాదు.

"లేదు మేడం. అన్నీ మొగోల్ల మొగాలే. ఒగటి మాత్రం బక్కగా, ఫ్రిజ్జులు రిపేరు చేసేటోని మాదిరి ఉంటాది. అది నేను గీసినా."